అమరనాథుడి ముంగిట నివేదిత

శ్రావణ మాసం వచ్చిందంటే మనకి ఊపిరాడదు. మంగళవారాల నోములు, వరలక్ష్మీ వ్రతం, పేరంటాలు, వాయనాలు, నానబెట్టిన శనగలు... ఇంట్లోనే నాలుగు ఊళ్ళు తిరిగినంత పని! సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ కాశ్మీరంలో వేలమంది శాలువాలు కప్పుకుని, చేతికర్ర పట్టుకుని మంచుకొండలెక్కుతూ ఉంటారు, అమరనాథుడి దర్శనం కోసం.

మా వీధిలో ఉండే పెద్దావిడ ఒకరు ఆమధ్య ఆ యాత్ర చేసొచ్చారు. ఎన్నేళ్ళ కోరికో అది! వెళ్ళేముందు రెణ్ణెల్లపాటు రోజూ తెల్లవారుజామునే లేచి నడక సాధన చేశారు కూడాను. రాగానే చూడ్డానికి వెళ్ళాను. ప్రసాదం చేతిలో పెట్టారు. ఎలా జరిగింది పిన్నిగారూ అనడిగితే వెంటనే జవాబు చెప్పలేదు. కోడలు వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, మెల్లిగా అన్నారు. అంత కష్టపడి వెళ్ళిందా, లోపల నిలబడింది రెండు నిముషాలైనా లేదట. కళ్ళమ్మట నీళ్ళొస్తాయనుకున్నారట, ఒళ్ళు పులకరిస్తుందనుకున్నారట. ఏమీ కాలేదు. కాళ్ళనొప్పి ఒక్కటే తెలిసిందట. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదనీ, అంటే పాపమేమోననీ కూడా అన్నారు.

ఆవిడని ఏమని ఓదార్చాలో తోచలేదు. కానీ ఇంటికొస్తూంటే ఒక మనిషి గుర్తొచ్చింది. నూట పాతికేళ్ళ కిందట ఇదే శ్రావణంలో, ఇదే దారిలో నడిచివెళ్ళి, ఇదే బాధతో తిరిగొచ్చిన మనిషి. సిస్టర్ నివేదిత.

నివేదిత అంటే మనకి స్కూలు పుస్తకంలో చదువుకున్న నాలుగు వాక్యాలే గుర్తు. వివేకానందుడి శిష్యురాలు, విదేశీ వనిత, కలకత్తాలో ఆడపిల్లలకి బడి పెట్టింది... అంతే. ఆవిడ కూడా అలిగిందనీ, ఏడ్చిందనీ, గుహ దాకా వెళ్ళి మనసు నిండక తిరిగొచ్చిందనీ ఆ పాఠంలో ఎక్కడా ఉండదు.

ఆవిడ అసలు పేరు మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్. 1867 అక్టోబరు 28న ఐర్లండులోని డంగానన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి చర్చిలో బోధకుడు. మార్గరెట్‌కి పదేళ్ళప్పుడు, ముప్ఫై నాలుగేళ్ళకే ఆయన పోయాడు. చదువు పూర్తయ్యీ అవగానే, పదిహేడో ఏట నుంచే పంతులమ్మ ఉద్యోగం. ఊరూరా తిరిగి పాఠాలు చెప్పి, చివరికి 1895 నాటికి లండను దగ్గర వింబుల్డన్‌లో సొంతంగా బడి పెట్టుకుంది. పిల్లలకి బలవంతాన చదువు రుద్దకూడదు, ఆటల్లో, బొమ్మల్లో, చేతిపనుల్లో నేర్పాలి అన్నది ఆవిడ పట్టుదల. పేరొచ్చింది, పెద్దవాళ్ళ పరిచయాలొచ్చాయి. మనసుకి మాత్రం శాంతి లేదు. చిన్నప్పటినుంచీ నమ్మిన మతం మీద సందేహాలు ముసురుకున్నాయి.

అదే ఏడాది నవంబరులో లండనులో ఒక ఇంట్లో వివేకానంద స్వామి మాట్లాడుతుంటే విన్నది. విన్నవెంటనే పాదాలమీద పడిపోలేదు సుమా! ఇందులో కొత్తేముంది అనుకుంది. ఎదురు ప్రశ్నలు వేసింది. ఆయన ప్రతి ఉపన్యాసానికీ వెళ్ళి వాదించింది. చివరికి ఆయనే గురువని ఒప్పుకుంది. భారతదేశపు ఆడపిల్లల చదువు కోసం ఆయనకి ఒక మనిషి కావాలి. ఎండ, పేదరికం, తెల్లవాళ్ళ వెలి, మనవాళ్ళ అంటు... ఇక్కడ ఏమేమి భరించాలో ఆయన ఉత్తరంలో దాచకుండా రాశాడు. అయినా బయల్దేరింది. 1898 జనవరి 28న కలకత్తా రేవులో ఓడ దిగింది. మార్చి 25న ఆయన ఆమెకి బ్రహ్మచర్య దీక్ష ఇచ్చి నివేదిత అని పేరు పెట్టాడు. భగవంతుడికి సమర్పించబడినది అని అర్థం.

అప్పటికి ఆమెకి ముప్ఫై ఏళ్ళు. మనలో చాలామంది ఇద్దరు పిల్లల్ని బడికి పంపుతూ ఉండే వయసు.

ఆ వేసవిలోనే, మే నెలలో, స్వామీజీ కొందరు శిష్యుల్ని వెంటబెట్టుకుని హిమాలయాలకి బయల్దేరాడు. నివేదితతోబాటు అమెరికా నుంచి వచ్చిన సారా బుల్, జోసఫిన్ మెక్లౌడ్ కూడా ఉన్నారు. నైనితాల్ మీదుగా అల్మోరా చేరారు. చల్లటి గాలి, దేవదారు చెట్లు, దూరాన మంచుకొండలు. కానీ నివేదిత జీవితంలో అంత కష్టమైన రోజులు అంతకుముందు లేవు. ఇన్నాళ్ళూ ఆప్యాయంగా మాట్లాడిన గురువు ఒక్కసారిగా కఠినంగా మారిపోయాడు. ఈమె ఏమన్నా తప్పు పడుతున్నాడు. భారతదేశాన్ని ప్రేమిస్తున్నాననుకుంటూనే ఈమె ఇంకా ఇంగ్లీషుదానిగానే ఆలోచిస్తోందని ఆయనకి తెలుసు. ఆ గర్వం, ఆ కొలబద్దలు పోవాలి. ఈమె తగ్గేది కాదు, ఆయన వదిలేవాడు కాదు. పుట్టిల్లు వదిలి, ఉద్యోగం వదిలి, ఈయన్ని నమ్మి ఇంత దూరం వస్తే ఈయన మొహం చాటేస్తున్నాడని కుమిలిపోయింది. కొత్తకోడలిగా మరో ఇంటికొచ్చి, ఏం చేసినా తప్పే అనిపించుకున్నవాళ్ళకి ఆ బాధ వేరే చెప్పాలా? జోసఫిన్ మెక్లౌడ్ చూడలేక స్వామీజీతో మాట్లాడింది. ఆయన ఆమెని ఆశీర్వదించి, కొన్నాళ్ళు అడవిలోకి వెళ్ళిపోయి తిరిగొచ్చాడు. మనసులు కుదుటపడ్డాయి.

జూన్‌లో అక్కణ్ణించి కాశ్మీరం. శ్రీనగర్‌లో జీలం నది మీద పడవ ఇళ్ళలో బస. జూలైలో స్వామీజీ ఎవరికీ చెప్పకుండా సోనామార్గ్ దారిన ఒంటరిగా అమరనాథ్ వెళ్ళబోయాడు. ఎండలకి మంచు కరిగి దారి మూసుకుపోవడంతో వెనక్కి వచ్చేశాడు. తరవాత కొద్దిరోజులకి అచ్ఛాబల్‌లో ఆరుబయట భోంచేస్తుండగా ఉన్నట్టుండి, యాత్రికులతో కలిసి అమరనాథ్ వెళ్తున్నాననీ, తన కూతుర్ని కూడా తీసుకెళ్తాననీ ప్రకటించాడు. కూతురంటే నివేదిత! మిగతావాళ్ళు పహల్గామ్‌లో ఆగిపోవాలి. ఆమె ఒక్కతే గుహ దాకా వెళ్ళాలి. అల్మోరాలో అన్ని కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లకి ఈ మాట ఎంత పండగో ఊహించుకోండి.

ఆ ఏడాది యాత్రకి రెండు మూడు వేలమంది వచ్చారు. మన జాతరలాగే ఉండేదట! సాయంత్రమయ్యేసరికి మైదానంలో గుడారాల ఊరు లేచేది. మధ్యలో వీధి, ఆ వీధిలో అంగళ్ళు, బియ్యం, పప్పులు, పాలు, ఎండు పళ్ళు. తెల్లారేసరికి ఆ ఊరు మాయం! పొయ్యిల బూడిద తప్ప ఏమీ మిగిలేది కాదు. కాషాయ గుడ్డలు, పెద్ద పెద్ద గొడుగుల కింద సాధువులు, వాళ్ళ ధుని, వాళ్ళ వాదాలు.

ఈ గుంపులో ఒక తెల్లావిడ. ఊరుకుంటారా? ఈ పరాయివాళ్ళ గుడారాలు మా పక్కన వద్దన్నారు సాధువులు. స్వామీజీకి మొదట కోపమొచ్చింది. అప్పుడొక నాగ సాధువు దగ్గరికొచ్చి, నీకు శక్తి ఉంది నిజమే, దాన్ని చూపించుకోకూడదు అని మెల్లిగా చెప్పాడు. అంతే! ఆయన మారు మాట్లాడకుండా గుడారం తీయించేశాడు. చిత్రమేమిటంటే మర్నాడు సాధువులే వీళ్ళ గుడారాలని విడిదికి ముందు భాగంలో వేయనిచ్చారు. స్వామీజీ ఆమెని సాధువుల మధ్యకి తీసుకెళ్ళి, వాళ్ళకి దానాలిప్పించి ఆశీస్సులు అందుకోమన్నాడు. యాత్ర బాధ్యత చూసే తహసీల్దారు ముస్లిం. ఆయనా, ఆయన కింది ఉద్యోగులూ స్వామీజీ దగ్గర కూర్చుని మాటలు వినేవారు.

యాత్ర మొదలయ్యాక స్వామీజీ ఆమెకి కనపడ్డమే తగ్గిపోయింది. ఒంటిపూట భోజనం, జపం, మౌనం. సాధువుల సాంగత్యం తప్ప ఇంకేదీ వద్దు. కూతుర్ని తీసుకెళ్తానన్న మనిషి పక్కనే ఉన్నాడు, ఎక్కడో ఉన్నాడు.

పహల్గామ్‌లో ఏకాదశికి ఆగారు. చిన్న లోయ, గులకరాళ్ళ మీద పరుగెత్తే ఏరు, పైన దేవదారు కొండలు. మనుషుల ఇళ్ళు కనిపించేది అక్కడితో ఆఖరు. మిగతా వాళ్ళని అక్కడే వదిలి వీళ్ళు ముందుకు సాగారు. పహల్గామ్ సుమారు ఏడు వేల అడుగుల ఎత్తు. గుహ సుమారు 12,700 అడుగుల పైన. మధ్యలో దాటాల్సిన మహాగుణస్ కనుమ పద్నాలుగు వేల అడుగుల పైచిలుకు. ఇప్పుడు చందన్‌వాడీ దాకా కార్లు పోతున్నాయి. అప్పుడు అంతా నడకే, లేదా మనుషులు మోసే డోలీ.

చందన్‌వాడీ దగ్గర ఏటి మీద గడ్డకట్టిన మంచు వచ్చింది. నివేదిత జీవితంలో మొదటి హిమానీనదం. డోలీ దిగి కాలినడకన దాటాల్సిందేనని స్వామీజీ పట్టుబట్టాడు. దాటింది. ఆ వెంటనే నిట్టనిలువు కొండ. వేల అడుగుల ఎక్కుడు. పైకెక్కాక కొండల నడుముల చుట్టూ తిరిగే సన్నటి బాట, చివర్న మళ్ళీ ఎక్కుడు. కొండ నెత్తిన తివాచీ పరిచినట్టు తెల్లటి పూలు. దిగువన ఎక్కడో శేషనాగ్ సరస్సు. ఆ రాత్రి మంచుకొండల మధ్య, ఒళ్ళు కొరికే చలిలో, తడి తడి నేలమీద మజిలీ. చెట్లన్నీ ఎప్పుడో కిందనే ఉండిపోయాయి. వంటచెరుకు కోసం కూలీలు సాయంత్రమంతా పొదలు వెతికారు. గుడారాల ముందు పెద్ద మంట వేశారు గానీ సరిగ్గా మండలేదు. స్వామీజీ గుడారం పక్కనే ఉంది. ఆ సాయంత్రం ఆయన ఆమెకి మళ్ళీ కనిపించలేదు.

ఇంత కష్టమూ శ్రావణంలోనే ఎందుకని అడగొచ్చు. శీతకాలమంతా ఆ దారి మంచు కింద ఉంటుంది. వేసవి ముదిరి మంచు కరిగితే గానీ నడవడానికి వీలుండదు. సరిగ్గా అప్పటికి వానలు తగులుకుంటాయి. ఆ ఎత్తులో వాన అంటే ఒక్కోసారి మంచే. 1996 ఆగస్టులో ఇదే దారిలో హఠాత్తుగా వానా మంచూ కురిసి రెండు వందల మందికి పైగా యాత్రికులు చనిపోయారు. గుడారంలో పడుకున్న ఆ రాత్రుల్లో నివేదితకీ చుట్టూ ఉన్నది అలాంటి కొండలే.

మర్నాటి మజిలీ పంచతరణి. ఐదు పాయలుగా ఏరు పారే చోటు. యాత్రికులు ఐదింటిలోనూ స్నానం చెయ్యాలి. ఒకదాంట్లో మునిగి, తడిబట్టలతోనే ఇంకోదానికి నడవాలి. స్వామీజీ ఆరోగ్యం అంతంతమాత్రం. ఎవరైనా చూస్తే వద్దంటారని అందరి కళ్ళూ కప్పి ఐదు స్నానాలూ చేసేశాడు.

1898 ఆగస్టు 2. శ్రావణ పౌర్ణమి. మంగళవారం. ఆ రోజు మన ఇళ్ళలో మంగళగౌరీ నోము పట్టిన అమ్మాయిలు కాటుక పడుతుంటే, అక్కడ తెల్లవారుజామున రెండింటికే మొదటి జట్టు బయల్దేరింది. నివేదితా వాళ్ళూ నిండు వెన్నెల్లో కదిలారు. లోయలోకి దిగుతుంటే సూర్యోదయమైంది. అక్కడ డోలీలు కూడా వదిలేశారు. మేకలు నడిచే బాట, పక్కన అగాధం. పట్టుకోవడానికి గడ్డి దుబ్బులు. ఆ రాళ్ళ సందుల్లోనే అడవి గులాబీలు! ఎక్కి, దిగి, తరవాత మైళ్ళకొద్దీ మంచు మీద నడక.

అలసిపోయి స్వామీజీ వెనకబడ్డాడు. నివేదిత గుహ కింద కంకర మేటల దగ్గర ఆగి ఎదురుచూసింది. వచ్చాడు. ఒక్క మాట చెప్పి ఆమెని ముందుకి పంపేసి తను స్నానానికి వెళ్ళాడు. అరగంట తరవాత కౌపీనంతో గుహలోకి వచ్చాడు. విశాలమైన గుహ, లోపల చీకటి మూలన తెల్లగా మంచులింగం. ఆయన చిరునవ్వుతో ఆ చివరా ఈ చివరా మోకరిల్లాడు. కొద్ది నిముషాలు. అంతే, బయటికి వచ్చేశాడు. అక్కడ స్పృహ తప్పి పడిపోతానేమోనని తనని తాను బిగబట్టుకున్నాడనీ, సాక్షాత్తూ శివుణ్ణి చూశాడనీ, కోరుకున్నప్పుడే మరణమనే వరం పొందాడనీ ఆమెకి తరవాత తెలిసింది. ఆ శ్రమకి ఆయన గుండె ఆగిపోవాల్సిందనీ, ఆగకుండా శాశ్వతంగా పెద్దదైపోయిందనీ ఒక డాక్టరు తరవాత చెప్పాడు.

మరి ఆమెకో? ఆమెకి మంచు కనిపించింది, గుహ కనిపించింది, జనం కనిపించారు. లోపల ఏమీ కదల్లేదు. గురువు అందుకున్న ఆ వెలుగులో తనకో పిసరైనా అందిస్తాడనుకుంది. ఆయన ఈ లోకంలోనే లేడు. ఏటి ఒడ్డున బండమీద కూర్చుని నాగ సాధువుతో కలిసి ముగ్గురూ భోజనం చేశారు. ఆయన ఆనందంతో పొంగిపోతున్నాడు. ఆమె గొంతులో ముద్ద దిగిందో లేదో!

మనసులో పెట్టుకుని ఊరుకునే మనిషి కాదు. ఆయన్నే నిలదీసింది. ఆయన కసురుకోలేదు, ఓదార్చనూ లేదు. యాత్ర చేశావు, దాని పని అది చేస్తూనే ఉంటుంది, కారణమున్నాక ఫలితం రాక మానదు, ఇప్పుడు తెలియనిది ముందుముందు తెలుస్తుంది అన్న అర్థంలో చెప్పాడు. ఆ మాట ఆమెకి అప్పుడు చల్లగా తగిలినట్టు లేదు. కొద్దిరోజులకి ఇంగ్లండులోని స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో, తను ఆరాధించే మనిషికి అంతా లోపలి అనుభవమైనది తనకి పైపై దృశ్యంగానే మిగిలిపోయిందన్న దుఃఖాన్ని దాచుకోకుండా రాసుకుంది. ఆ యాత్ర గురించి పుస్తకానికని రాసినప్పుడు మాత్రం ఆయన దర్శనాన్నే రాసింది గానీ తన గోడు వెళ్ళబోసుకోలేదు.

తరవాతేం జరిగింది? మూడు నెలలు తిరిగేసరికి, 1898 నవంబరు 13న, కాళీపూజ నాడు, కలకత్తా బాగ్‌బజార్‌లోని బోసుపాడా వీధిలో చిన్న అద్దె ఇంట్లో బడి తెరిచింది. శారదామాత వచ్చి పూజ చేసి ఆశీర్వదించింది. పిల్లలు దొరకాలి కదా! ఇంటింటికీ వెళ్ళి అడిగింది. తెల్లావిడ గడప తొక్కితే ఇల్లు కడుక్కునే రోజులవి. చిన్నబుచ్చుకోలేదు. సాధువులు గుడారం వద్దంటే గురువు ఎలా ఊరుకున్నాడో చూసింది కదా! ముగ్గులు, మట్టిబొమ్మలు, కుట్టుపని... వాళ్ళింట్లో ఉన్న కళల్లోంచే అక్షరాలు నేర్పింది.

1899లో కలకత్తాలో ప్లేగు వచ్చింది. చీపురు పట్టుకుని తనే వీధులూడ్చింది. డాక్టర్ రాధాగోవింద కర్, ఈనాడు కలకత్తాలో ఆయన పేరుతో పెద్ద వైద్యకళాశాల ఉంది, ఒక గుడిసెలో ప్లేగు తగిలిన పసివాణ్ణి చూశాడు. తల్లి అప్పటికే పోయింది. సాయంత్రం మళ్ళీ వెళ్తే, ఆ తడి నేలమీద నివేదిత ఆ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన హెచ్చరించినా కదల్లేదు. నిచ్చెన వేసుకుని గోడలకి సున్నం కూడా తనే కొట్టింది. రెండు రోజులకి ఆ పిల్లాడు ఆమెనే అమ్మ అనుకుంటూ ఆమె ఒళ్ళోనే కన్ను మూశాడు.

గుహలో దొరకనిది ఆ గుడిసెలో దొరికిందని నేననను. ఆవిడా అనలేదు. కానీ దాని పని అది చేస్తూనే ఉందని మాత్రం అనిపిస్తుంది.

1902 జూలై 2న బేలూరు మఠానికి వెళ్ళింది. ఏకాదశి. స్వామీజీ ఉపవాసం ఉండి కూడా ఆమెకి తనే వడ్డించాడు. భోజనమయ్యాక చేతులమీద నీళ్ళు పోసి, తువ్వాలుతో తుడిచాడు. ఇది శిష్యురాలు చెయ్యాల్సిన పని కదా అంటే, క్రీస్తు తన శిష్యుల పాదాలు కడిగాడు కదా అన్నాడు. అది ఆయన ఆఖరి రోజుల్లోనన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది. జూలై 4న ఆయన వెళ్ళిపోయాడు. గుహ కింద ఒక్క మాటతో ముందుకి పంపేసిన మనిషి, వెళ్ళేముందు ఇలా చేతులు కడిగి మరీ వెళ్ళాడు.

ఆ తరవాత ఆమె దేశ స్వాతంత్ర్యం గురించి మాట్లాడ్డం మానలేక, మఠానికి ఇబ్బంది రాకూడదని అధికారికంగా దూరం జరిగింది. బడి మాత్రం వదల్లేదు. 1903 నుంచి సిస్టర్ క్రిస్టీన్ తోడుతో ఘోషాలో ఉండే గృహిణులకి కూడా తరగతులు పెట్టింది. పుస్తకాలు రాసిన డబ్బు అందులోనే పోసింది. 1906లో తూర్పు బెంగాల్ వరదల్లో, కరువులో తిరిగి జబ్బుపడింది.

1910 వేసవిలో మళ్ళీ కొండలెక్కింది. ఈసారి కేదారనాథ్, బదరీనాథ్. వెంట గురువు లేడు. శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోసు, ఆయన భార్య అబల ఉన్నారు. ఆ యాత్ర మీద చిన్న పుస్తకమే రాసింది. ఎవరో ఏదో చూపిస్తారని ఎదురుచూస్తూ వెళ్ళిన యాత్ర కాదది. వేలమందిలో ఒకతెగా వెళ్ళింది. మరుసటి ఏడాదే, 1911 అక్టోబరు 13న, డార్జిలింగులో, హిమాలయాల ఒడిలోనే కన్ను మూసింది. ఇంకా నలభై నాలుగు నిండలేదు. బాగ్‌బజార్ బడి మాత్రం ఆమె పేరుతో ఈనాటికీ నడుస్తోంది.

మొన్నొక మధ్యాహ్నం పెద్దావిడ దగ్గర కూర్చుని ఈ కథంతా చెప్పాను. ఆవిడ వత్తులు చేస్తూ విన్నారు. గుహ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆవిడక్కూడా ఏమీ కాలేదా అని అడిగారు. లేదన్నాను. కాసేపు ఊరుకుని, నాకు ఆ ఎక్కుడు దగ్గర డోలీవాడొకడు మంచినీళ్ళిచ్చాడే, డబ్బిస్తే తీసుకోలేదు, ఆ పిల్లాడి మొహమే మాటిమాటికీ గుర్తొస్తూంటుంది అన్నారు. మళ్ళీ వత్తులు చేసుకోవడం మొదలుపెట్టారు.